కారు క్రింది తడి

రోహిణీకార్తె నడుచుచుండెను. ప్రొద్దుపొడిచి జాము కాకమునుపే సూర్యుడు ప్రచండకిరణుడై గోదావరి కాలువ నీటిని మిఱుమిట్లు గొలుపునట్లు వెలిగించుచుండ గట్టుమీది కొబ్బరిమట్టలు గాలిలేక వ్రేలబడి యుండ పశువులు మోకాలిలోతు బురదలో నిలిచి తోకలైన ఆడింపక యుండ కొత్తలంక గ్రామమున మాణిక్యాంబగారి యింటి ముంగిట పరచిన తాటాకుచాపలపై వేలకొలది మామిడిముక్కలు పసుపువన్నె దాల్చి ఉప్పునీరు విడిచి మెల్లమెల్లగా ముడుచుకొనుచుండెను. వాని సరసను బారులు తీర్చిన జాడీలలో మాగాయ ఊట యెండ కాగుచుండెను. రోకళ్ళ మ్రోతతో ఆవపిండి ఘాటును మిరపకారపు మంటయు కలగలిసి ఆ వీధి వెంబడి పోవువారి నెల్లర తుమ్మించుచుండెను. ఈ నెలదినములును ఆ వీధివారు ఒండొరులను తుమ్ములతోనే పలుకరించుకొందురని చెప్పినచో అది పెద్ద యబద్ధము కాదు.

మాణిక్యాంబగారు పచ్చళ్ళ వ్యాపారమున ఆ సీమ యెల్లను పేరెన్నికగన్న గృహిణి. నడివయసు రాకమునుపే భర్తను గోల్పోయియు దిగులుపడి మూల గూర్చుండక నడుము బిగించి నాలుగు జాడీలతో నారంభించిన పనిని నాలుగువందల జాడీల దాక పెంచిన దృఢచిత్త. కాయ కోసిన గడియలోనే చెట్టు మొదట కత్తిపీటలు వేయించి ముక్కలు తరిగించి ఉప్పును పసుపును కలిపి జాడీల కెత్తింపనిదే ఆమెకు నిద్రపట్టదు. కోసిన కాయ బండిమీద నొక రాత్రి మగ్గినచో అది మాగాయకు పనికిరాదని ఆమె సిద్ధాంతము. అందుచేత ఇరువదిమైళ్ళ దూరమందలి మెట్టతోటలనుండి కాలువగట్టు వెంబడి ఆ జాడీలను తెచ్చుటకై ఆమె యొక పాత నల్లకారు కొనెను. తక్కినవారు కారు కొన్నది పదిమంది చూచుటకు. మాణిక్యాంబగారు కొన్నది జాడీలు కుదురుగా కూర్చుండుటకు. జాడీల మూతులకు వాసెనగుడ్డ యెంత బిగించి కట్టినను గతుకులలో ఊట కొంత తొణకి డిక్కీలోనికి కారుచుండెడిది. కావున కారు నిలిచిన తావున తడి కనబడుట ఆ యింట నెవ్వరికిని వింత గాదు. ఊటయే యనుకొని గోనెపట్టతో తుడిచివేయుట వారి యలవాటు.

ఆ కారును నడపువాడు పెద్దిరాజు. ఏబదియాఱేండ్ల వాడు. పొట్టివాడు మితభాషి తెల్లని మీసములవాడు. తన చేతిమీదుగా ఒక కోడిపిల్లకైన దెబ్బ తగులలేదని చెప్పుకొనుటయందు మాత్రము కొంచెము గొప్పలు పోవువాడు. అట్టివానికి మూడుదినముల క్రిందట తలవంపులు వచ్చిపడెను. ఆనాడు మాణిక్యాంబగారు తోటలోనే నిలిచిపోగా ఆత డొక్కడే జాడీలతో మరలివచ్చుచుండెను. లాకుల మలుపున ఎద్దుబండి యొకటి హఠాత్తుగా నెదురయ్యెను. పెద్దిరాజు బ్రేకు త్రొక్కెను. పెడలు కాలిక్రింద మెత్తగా దిగజారి నేలనంటెనే కాని కారు నిలువలేదు. ఆతడు చేతిబ్రేకును బలముకొలది లాగి కారును కాలువలోనికి పోనీయక లాకుల ఱాతికంబమునకు ఒరయించి నిలిపెను. ఎవ్వరికిని గాయము కాలేదు గాని తొమ్మిది జాడీలు పగిలి మాగాయ గట్టుపాలయ్యెను.

మాణిక్యాంబగారి తమ్ముడు సీతాపతి ఆ యింటి వ్యవహారములన్నియు చక్కబెట్టువాడు. ఆతడు కారును పట్టణమునకు తోలించుకొనిపోయి గరాజు మేస్త్రికి చూపెను. మేస్త్రి బ్రేకు ఆయిలు నిండుగా పోసి గొట్టములలోని గాలి తీసి ముమ్మాఱు పెడలు త్రొక్కి చక్రముల లోవైపులను తడిమి ఎక్కడను కారుటలేదనియు బ్రేకునందు లోపమే లేదనియు తేల్చి చెప్పెను. లోపము బ్రేకునందు లేనిచో మఱి యెచ్చట నుండవలెను? పెద్దిరాజు కునికినాడని సీతాపతి యనెను. ముసలితనమని వీధి యనెను. ముప్పదియేండ్ల మంచిపేరు మూడుదినములలో అరిగిపోయెను. మఱునాడు ప్రొద్దున ఆ యేటి కడపటి కోత. అక్కను తోటకు కారులో తానే తీసికొనిపోవుదుననియు పెద్దిరాజు పెరటిలో ఉప్పుబస్తాలకు కావలియుండిన చాలుననియు సీతాపతి యాజ్ఞాపించెను.

ఉప్పుబస్తాల మాటకు పెద్దిరాజు మనసు చివుక్కుమనెను. అంతకన్న ఆ కారులో అమ్మగారు కాలువగట్టున పోవుదురను తలంపు ఆతని గుండెను పిండివేసెను. ఆతడు కండువా చేత బట్టుకొని ముంగిట ఆవపిండి జల్లించుచున్న మాణిక్యాంబగారి యెదుట నిలిచెను.

"అమ్మగారండీ, నా పని పోతే పోయిందండి. రేపా కారు మాత్రం ఎక్కకండి. నా కాలికింద పెడలు దిగిపోయిందండి. నేను కునకలేదండి."

సీతాపతి అరుగుమీదనుండియే నవ్వెను. "మేస్త్రీ చూశాడు, నేనూ చూశాను. బ్రేకు రాయిలా ఉంది. కునుకు పట్టిందని ఒప్పుకుంటే పోయేదానికి ఎందుకయ్యా ఈ పట్టుదల?"

మాణిక్యాంబగారు జల్లెడ నాపి పెద్దిరాజు మొగము వంక క్షణకాలము చూచెను. "పొద్దుగూకేదాకా కారు నీదే. ఎక్కడ కారుతోందో చూపించు. చూపించలేకపోతే తాళాలు తమ్ముడి చేతిలో పెట్టెయ్యి."

"చూపిత్తానండి" అని పెద్దిరాజు తిన్నగా కారుపాకకు నడచెను.

పిమ్మట ఆ వృద్ధసారథి చొక్కా విప్పి గోచీ బిగించి చేసిన శోధన ఇట్టిదని వర్ణించుటకన్న ఆ పాకలోని యుక్కను ఊహించుకొనుట మేలు. మొట్టమొదట బుడ్డి మూత తీసి చూడగా మేస్త్రి మొన్న నిండుగా పోసిన బ్రేకు ఆయిలు వ్రేలెడు తగ్గియుండెను. కారు నడచినది పట్టణమునుండి యింటివఱకు ఆఱు మైళ్ళు మాత్రమే. పోసినది ఆవిరియై పోదు గదా! ఎక్కడనో కారవలెను. అది చూచినంతనే ఆతని ప్రాణము లేచివచ్చెను. జాకీ యెత్తి నాలుగు చక్రములను ఊడదీసి డ్రమ్ముల లోపల తడిమెను. పొడి. చక్రముల కడ నున్న రబ్బరుగొట్టములను వంచి చూచెను. పొడి. పెడలు క్రింది మాస్టరు సిలిండరు చుట్టును వ్రేలు త్రిప్పెను. దుమ్ము తప్ప మఱేమియు అంటలేదు. చక్రములను తిరిగి బిగించి మొగమునిండ మడ్డితో బయటికి వచ్చి నీళ్ళు త్రాగి మరల దూఱెను. ఎండ నడినెత్తి కెక్కెను గాని లోపము చిక్కలేదు. నిజముగా తానే కునికితినా యని ఒక్క నిమిషము ఆతనికే సందేహము కలిగెను. ఆ సందేహము కలిగినందుకు తనమీద తనకే కోపము వచ్చెను.

అట్లు వెలికిల పరుండి వెనుకకు జరుగుచుండగా డిక్కీ క్రింది నేలమీది తడి ఆతని వీపున కంటెను. పాడు ఊట యని సణుగుకొని చెంతనున్న గోనెపట్ట నందుకొని తుడువబోయెను. తుడువబోయిన చేయి నడుమనే యాగెను. మూడుదినములనుండి ఆ కారులో జాడీ యొక్కటియు ఎక్కలేదు. పగిలిన జాడీల మాగాయనంతయు ఆనాడే కడిగివేసిరి. జాడీ లేని కారునకు ఊట యెక్కడిది?

పెద్దిరాజు ఆ తడిని రెండు వ్రేళ్ళ నడుమ నలిపి చూచెను. ఊట యైనచో జిగటగా నుండి ఆరినపిమ్మట ఉప్పు గరగరలాడవలెను. ఇది ఆముదము తీరున జాఱుచుండెను. తలయెత్తి యిరుసు వంక చూచెను. ఉగాదికి తానే స్వహస్తములతో పూసిన నల్లరంగు ఒక్కచోట మాత్రము పొక్కి పొరలుపొరలుగా లేచియుండెను. ఉప్పునీరు ఇనుమును తినును గాని రంగును అట్లు ఊడదీయదు. రంగును ఊడదీయునది బ్రేకు ఆయిలు.

ఆతనికి సంతోషము కలుగవలెను గదా! కలిగినది సిగ్గు. ఏలయన ఆ తడి నిన్న మొన్నటిది కాదు. మాఘమాసమున జాడీల రాకపోకలే లేని దినములలోను ఆ తావున చేరెడు తడిని చూచియుండెను. నిరుటి ఊట ఇంకను కారుచున్నదని తనకు తానే సమాధానము చెప్పుకొని తుడిచివేసెను. పదిసార్లు తుడిచెను. ఇరువదిసార్లు తుడిచెను. నాలుగుదిక్కుల వెదకిన దొంగను ఇన్నినాళ్ళును తన గోనెపట్టయే దాచినదని తెలిసికొని ఆ ముసలివాడు కారు క్రిందనే కన్నులు మూసికొని కొంతసేపు పరుండెను. పిదప లేచెను. ఇప్పుడు సిగ్గుపడుచు కూర్చుండుటకు తీరిక లేదు.

తడి యెచ్చటనుండి వచ్చుచున్నదో కచ్చితముగా తేలవలెను. డిక్కీ క్రింద ఇరుసు వెంబడి సన్నని బ్రేకుగొట్టము పోవుచుండెను. అది సాంతము తడిసి మడ్డిపట్టి యుండుటచే చిల్లు కన్నున కానరాదు. పెద్దిరాజు గొట్టమును ఆ చివరనుండి ఈ చివరదాక కిరసనాయిలుతో కడిగి పాతగుడ్డతో ఆరదుడిచి పెరటినుండి దోసెడు ముగ్గుపిండి తెచ్చి గొట్టము పొడవునను దట్టముగా చల్లెను. ఇంక ఎవరైన బ్రేకు త్రొక్కి పట్టవలెను. సీతాపతిని పిలిచెను.

సీతాపతి వచ్చి పాకలోని ముగ్గుపిండిని చూచి "కారుకు నోము పట్టావా?" అని పరిహసించి తలుపు తీసి కూర్చుండి పెడలును ఒక్కమాఱు గట్టిగా త్రొక్కి వెంటనే వదలెను. "రాయి" అని ఒక్కమాట యని దిగిపోయెను. పిండి పొడిగానే యుండెను. పెద్దిరాజు వెనుకనుండి "తొక్కి పట్టుకోవాలండీ, వదిలెయ్యకూడదండీ" అని యఱచెను గాని సీతాపతి అప్పటికే అరుగు చేరియుండెను. మేస్త్రియు ఇట్లే త్రొక్కియుండునని పెద్దిరాజునకు అప్పుడు బోధపడెను. వాకిటి తలుపు తట్టి పాఱిపోయినచో లోపలివారు పలుకలేదనుట యెట్లు?

ఆ కేక మాణిక్యాంబగారి చెవిని బడెను. ఆమె చేతుల ఆవపిండి దులుపుకొని పాకలోనికి వచ్చెను. "నేను తొక్కుతాను. ఎలాగో చెప్పు."

కారు కొన్ననాటినుండి ఆ యాసనమున ఆమె కూర్చున్నది లేదు. చీరకుచ్చెళ్ళు ఒడిలోనికి దోపుకొని చక్రము పట్టుకొని కూర్చుండి కుడికాలు పెడలుమీద నుంచెను. పెద్దిరాజు క్రిందికి దూఱెను.

"తొక్కి అలాగే ఉంచండమ్మగారూ. నేను వదలమనేదాకా వదలకండి."

"ఎంతసేపు?"

"తోటలో కాయలు లెక్కెట్టినట్టు లెక్కెట్టండి."

మాణిక్యాంబగారు త్రొక్కెను. పెడలు గట్టిగానే నిలిచెను. కాయలు లెక్కించుట ఆమెకు ఊపిరి తీయుట వంటిది గనుక ఒకటి యను మాట నోట రానీయక అలవాటు చొప్పున ఆరంభించెను. "లాభం. రెండు. మూడు. నాలుగు." పెడలు కదలలేదు. అరుగుమీది సీతాపతి చిఱునవ్వు నవ్వెను. "అయిదు. ఆరు." ఆమె కంఠము సన్నగిలెను. "ఏడు" అనునప్పటికి పాదము క్రింద ఏదో మెత్తబడినట్లయ్యెను. ఆమె మఱింత బలముగా నదిమెను. ఎంత యదిమిన అంతకంతకు అది లోనికి పోవుచుండెను. ఎనిమిది యని ఆమె పలుకలేదు.

"పెద్దిరాజూ, దిగిపోతోంది! నా కాలికింద దిగిపోతోంది!"

ఆ కేకయందలి భయము అబద్ధము కాదు. మూడుదినముల క్రిందట లాకుల మలుపున ఒక మనుష్యుని గుండెలో పుట్టిన భయమే నిలిచియున్న కారులో పాక నీడలో ఇప్పుడు ఆమె గుండెలోనికి వచ్చెను. సీతాపతి మొగమున నవ్వు మాయమయ్యెను. కారు క్రింద పెద్దిరాజు కన్నార్పక చూచుచుండగా తెల్లని పిండిమీద గొట్టమును ఇరుసునకు బిగించిన ఇనుపబిళ్ళ కడ గోధుమవన్నె మచ్చ యొకటి పుట్టెను. పెరిగెను. బొట్టై జాఱెను.

"దొరికిందండీ!" అని ఆతడు కేకవేసెను. "వదిలెయ్యండమ్మగారూ, దొరికింది!"

బిళ్ళ మఱలు విప్పి చూడగా దాని క్రింద గొట్టము తుప్పుపట్టి కాగితము వలె పలుచనై యుండెను. చిల్లు ఆవగింజలో సగము లేదు. సరిగా దానిపైననే డిక్కీ అడుగున నీరు పోవు రంధ్ర మొకటి యుండెను. ఏటేట తొణకిన ఊట ఆ రంధ్రము వెంట బొట్టుబొట్టుగా దిగి బిళ్ళ క్రింద నిలిచి ఇనుమును తినివేసెను. ఊటచే పుట్టిన లోపమును ఊటయే కప్పిపుచ్చెను. గట్టిగా త్రొక్కి పట్టినప్పుడు మాత్రమే ఆయిలు వెలికి వచ్చుచుండెను గనుక తట్టి చూచినవారికి ఆ లోపము చిక్కలేదు.

మాణిక్యాంబగారు కారు దిగి వంగి ఆ చిల్లును చూచెను. పెద్దిరాజు మాట నిలిచినది. ఆతడు ఊరకున్నను ఎవ్వరును ఏమియు అనియుండరు. కాని ఆతడు ఊరకుండలేదు.

"అమ్మగారండీ, ఇంకో మాటండి. ఈ తడి నేను మాఘమాసం నించీ చూత్తన్నానండి. ఊటేలే అని తుడిచేశానండి. అప్పుడే వంగి చూసుంటే జాడీలు పగిలేవి కాదండి. కునకలేదు గానీ తప్పు నాదేనండి."

సీతాపతి తేఱుకొని "చూశావా అక్కా! వాడే ఒప్పుకున్నాడు" అనెను.

మాణిక్యాంబగారు తమ్ముని వంక తిరుగలేదు. "మూత తియ్యకుండా జాడీ చెడిందో లేదో వాసన పట్టేదాన్ని నేను. రోజూ ఈ పాక ముందు నించే తిరుగుతున్నాను. అది ఊట కాదని నా ముక్కు నాకు చెప్పలేదూ? నేనూ వంగి చూడలేదు. ఇక ఆ మాట వదిలెయ్యి. బాగుచెయ్యడానికి ఏం కావాలో చెప్పు."

పెద్దిరాజు కన్నులు తుడుచుకొనిన చేతిమడ్డి మీసములకు అంటెను. ఆతడు పాతగొట్టము నూడదీసి సైకిలు చట్రమునకు కట్టుకొని నిప్పులు చెఱగు నెండలో పట్టణమునకు పోయెను. మేస్త్రి ఆ చిల్లును వెలుతురున కెత్తి చూచి అంతే పొడవుగల క్రొత్తగొట్టమునకు మఱలు తొడిగి చివరలు వెడల్పుచేసి యిచ్చెను. మూడవజామునకు పెద్దిరాజు మరలివచ్చి పాతదాని వంపులు చూచుచు క్రొత్తదానిని చేతులతో మెల్లగా వంచి అమర్చి బిళ్ళ క్రింద సైకిలు ట్యూబుముక్క చుట్టి బిగించెను. డిక్కీ రంధ్రము నుండి ఊట ఇంక గొట్టముమీద పడకుండ రేకుతో చిన్నదోనె చేసి ప్రక్కకు మళ్ళించెను.

పిమ్మట గొట్టములలో చిక్కిన గాలి తీయవలసి యుండెను. అందులకు ఒకరు పైన త్రొక్కవలెను ఒకరు క్రింద మఱ విప్పవలెను. మాణిక్యాంబగారు పిలువకమునుపే వచ్చి ఆసనమున కూర్చుండెను. పెద్దిరాజు దూరపు చక్రముతో మొదలుపెట్టి మఱకు సన్నని రబ్బరుగొట్టము తగిలించి దాని రెండవ చివరను ఆయిలు గల గాజుసీసాలో ముంచి క్రిందనుండి ఆజ్ఞలీయ నారంభించెను.

"తొక్కండి. పట్టండి. వదలండి. మళ్ళీ తొక్కండి. అబ్బెబ్బే, నేను చెప్పకుండా వదలకూడదండి!"

ఆ మహాగృహిణి ఒకరి యాజ్ఞకు లోబడుట ఆ యింటివారు కని విని యెఱుగరు. రోకళ్ళ స్త్రీలు పని మాని తలుపు సందున చూచి నోళ్ళకు కొంగు లడ్డము పెట్టుకొనిరి. సీసాలో మొదట నురుగుగా తరువాత గుత్తులుగా ఆ తరువాత ఒంటరిగా బుడగలు వచ్చి తుదకు బుడగలేని తేటధార నిలిచెను. నాలుగు చక్రములును అయినపిమ్మట ఆమె తనకై తానే పెడలు త్రొక్కి పట్టెను. ఈమాఱు లెక్కింపలేదు. ముంగిటి చాపలు చుట్టునంత సేపు అట్లే కూర్చుండెను. పెడలు వెండ్రుకవాసియైన కదలలేదు. ఆమె దిగి తాళములకొఱకు చేయి చాచిన తమ్ముని దాటిపోవుచు "పొద్దున్నే బయలుదేరాలి పెద్దిరాజూ, వేళకి లే" అని మాత్రము చెప్పి లోనికి పోయెను. సీతాపతి చాచిన చేయిని మెల్లగా జేబులో పెట్టుకొనెను.

మఱునాటి యుదయమున తూర్పు ఎఱ్ఱబాఱుచుండగా నల్లకారు కాలువగట్టు వెంబడి పోవుచుండెను. ఒక వైపున నిండుకాలువ. ఒక వైపున పల్లపుచేలు. నడుమ కారు పట్టునంత త్రోవ. వెనుక ఖాళీజాడీల నడుమ మాణిక్యాంబగారు కిటికీకి తల యానించి నిద్రించుచుండెను. మలుపు తిరిగినంతనే గేదెలమంద యొకటి కాలువనుండి గట్టెక్కి త్రోవ కడ్డముగా నిలిచెను. పెద్దిరాజు పాదము మోపెను. కారు కుదుపైన లేక నిలిచెను. ఆతడు తలపైనున్న చిన్న యద్దములో వెనుకకు చూచెను. ఆమె కన్ను విప్పలేదు. పోయినపేరు పదిమంది నోట తిరిగి వచ్చునో రాదో ఎవ్వరికి తెలియును గాని కాలువగట్టుమీద నొకరు మనలను నమ్మి నిద్రించుట కన్న పెద్ద పేరు మఱియొకటి కలదా? పెద్దిరాజు హారను మ్రోగింపలేదు. కడపటి గేదె గట్టు దిగువఱకు బ్రేకుమీద కాలుంచి కదలక కూర్చుండెను.